అడిగి తాగిన మంచినీళ్ళు

మాటలు నేర్పే చోట పనంటే పొద్దస్తమానం మాట్లాడుతూ ఉండాలేమో అనుకున్నాను. అక్కడ ముందుగా నేర్చుకోవలసింది నోరు మూసుకోవడమని చేరిన రోజునే తెలిసింది.

బందరులో మా ఇంటికి రెండు వీధుల అవతల, మందుల షాపు మేడ మీద రెండు గదులు తీసుకుని ఒక మేడం గారు పిల్లలకి స్పీచ్ థెరపీ చేస్తారు. మాట రాని పిల్లలు, వచ్చినా నత్తి పడే పిల్లలు, చెవికి మిషను పెట్టుకున్న పిల్లలు, మనుషుల్ని వదిలేసి తిరిగే ఫ్యాను వంకే చూసే పిల్లలు, అందరూ వస్తారు. మేడం గారిది గుడివాడ. పొద్దున రైలుకి వచ్చి సాయంత్రం రైలుకి వెళ్ళిపోతారు. నా కూతురు ఈడు మనిషి. నన్ను ఆయమ్మగా పెట్టుకున్నారు గానీ పిలవడం మాత్రం ‘పిన్నీ’ అని పిలుస్తారు. గదులు తుడవడం, బొమ్మలు కడిగి ఆరబెట్టడం, పిల్ల లోపల ఉంటే తల్లిని బయట కూర్చోబెట్టడం, తల్లి లోపల ఉంటే పిల్లని బయట ఆడించడం నా పని. నా చదువు మూడో తరగతిలోనే ఆగిపోయింది. అయితేనేం, పిల్లల్ని, మనవల్ని, మధ్యలో మా ఆడపడుచు పిల్లల్ని కూడా పెంచినదాన్ని, పిల్లల దగ్గర నాకొకరు చెప్పేదేముంటుంది అనే ధీమాతో వెళ్ళాను.

మేడం గారి దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బా ఉండేది. లోపల ఏముందో బయటికి కనిపిస్తుంది. మూత మాత్రం చాలా బిగుతు. ఆ రోజు అందులో కీ ఇస్తే గెంతే కప్పబొమ్మ వేసి, మూత పెట్టి, ఎదురుగా కూర్చున్న పిల్లాడి ముందు పెట్టారు. పెట్టి ఊరుకున్నారు. వాడు దాన్ని తిప్పాడు, నేలకేసి కొట్టాడు, కొరికాడు, చివరికి తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేశాడు. ఆవిడ వాడి మొహంలోకి చూస్తూ నవ్వుతున్నారే గానీ చెయ్యి కదపరు. గది మూల తుడుస్తున్న నాకు జాలేసింది. పాపం, సన్నటి చేతులు, మూత రావడం లేదు కాబోలు అనుకుని, తడి చెయ్యి చీరకి తుడుచుకుని, చటుక్కున మూత తీసి కప్పని వాడి చేతిలో పెట్టాను. వాడు కప్పని తీసుకుని గది చివరికి పరిగెత్తాడు.

మేడం గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. తరవాత నెమ్మదిగా చెప్పారు. ఆ మూత తియ్యడం తనకీ వచ్చట. వాడు ‘తియ్యి’ అని అడగాలట, కనీసం ఆ మాట కోసం నోరు తెరవాలట. ఆ నోరు తెరిపించడానికి ఎన్నాళ్ళ నుంచో కూర్చుంటున్నారట. ఇవాళ వాడు తెరవబోయే సమయానికి నేను డబ్బా తెరిచేశానట.

ఆ తరవాత డబ్బా బయటికి తీసే ముందు మేడం గారు నన్ను కిందికి టీకి పంపించేవారు.

నాకంటే గట్టి మనిషి ఒకావిడ వచ్చేదాకా ఆ గదిలో నేనే పెద్ద అడ్డంకిని. ఆవిడ దివిసీమ మనిషి. నాగాయలంక దాటి ఇంకా దిగువకి, సముద్రం దగ్గర పల్లె. మొగుడూ కొడుకూ పడవ మీద వేటకి వెళ్తారు. ఈవిడ గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి చేపలు అమ్ముతుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ ఇంకా మెట్ల మీదే ఉంది, మాటలు ముందే పైకి వచ్చేశాయి. మందుల షాపాయన గొడవేమో అనుకుని బయటికొచ్చి చూశాడు. గొడవేం కాదు, మెట్లు జాగ్రత్తగా ఎక్కమని కోడలికి చెబుతోంది. కోడలి చంకలో నాలుగేళ్ళ మనవరాలు. ఆ పాపకే మాట రాదు.

మేడం గారు పాపని ముందు కూర్చోబెట్టుకుని నీ పేరేంటి అని అడిగారు. నాయనమ్మ చెప్పింది. బొమ్మ కావాలా బంతి కావాలా అన్నారు. బంతి అని నాయనమ్మ చెప్పింది. పాప నోరు తెరిచింది, నాలుక చూద్దామని మేడం గారు వంగేలోగా నాయనమ్మ ఆ నోట్లో బిస్కెట్టు పెట్టింది. పాప కుడివైపు చూస్తే నిద్రొస్తున్నట్టట, ఎడమవైపు చూస్తే ఇంటికి వెళ్దామన్నట్టట, కింది పెదవి ముందుకి పెడితే దాహమట. ఇదంతా చెప్పి, గర్వంగా చూసింది.

“మా పిల్లకి నోటితో పని లేదండీ. అది ఇట్టా చూస్తే చాలు, అన్నీ దాని ముందుంటాయి.”

అసలు సంగతి కోడలు చెప్పింది. అంతకు ముందు సంవత్సరం పాపని అంగన్‌వాడీకి పంపించారట. ఎండాకాలం. మూల నీళ్ళ కుండ ఉంది. పాపకి దాహమేసింది. ఆ కుండ వంక చూస్తూ కూర్చుంది. అక్కడ ఆ చూపు ఎవరికి తెలుస్తుంది. మధ్యాహ్నం ఇంటికి తీసుకొచ్చాక ఆబగా చెంబెడు నీళ్ళు తాగి, అన్నీ కక్కుకుని, జ్వరం తెచ్చుకుంది. ఆ రోజుతో నాయనమ్మ బడి మాన్పించింది. ఇప్పుడు నాగాయలంకలో ఒక స్కూలు టీచరమ్మ జూన్‌లో చేర్చుకుంటానంది. మాటలు రాకపోయినా ఫరవాలేదు, బాత్రూముకి వెళ్ళాలని, మంచినీళ్ళు కావాలని చెప్పుకోవడం వస్తే చాలు, అంతమంది పిల్లల్లో ఒక్కొక్కళ్ళ కళ్ళు చదవడం నా వల్ల కాదు అందట. పాపకి చిటికెన వేలు చూపించడం ఎలాగో వచ్చింది. నీళ్ళ దగ్గరే ఆగిపోయింది.

“బడికి వెళ్ళలేకపోతే దాని బతుకంతా మా ఇంట్లోనేనండీ. మేమెంత కాలం ఉంటాం?” అంది కోడలు. నాయనమ్మ పాపని ఒళ్ళోకి లాక్కుంది.

మేడం గారు చెవులు పరీక్ష చేయించారు, బాగానే ఉన్నాయి. పాపకి మాట ఆలస్యమే, అది నేను నేర్పిస్తాను, టైము పడుతుంది అన్నారు. కానీ ఇంట్లో పాపకి అడగాల్సిన అవసరం ఎవరూ మిగల్చలేదు, మీరు కాస్త ఆగాలి అన్నారు. నీళ్ళ గ్లాసు చూపించండి, వెంటనే ఇవ్వకండి, పాప మొహం చూస్తూ కాసేపు ఉండండి, బొటనవేలు నోటి దగ్గర పెట్టినా, ‘నీ’ అన్నా, చిన్న శబ్దం చేసినా వెంటనే ఇచ్చెయ్యండి, ఏడిపించొద్దు, ఏడిస్తే ఇచ్చెయ్యండి అని వివరంగా చెప్పారు. అంతటితో ఊరుకోకుండా సామెత కూడా చెప్పారు.

“అడగందే అమ్మైనా పెట్టదంటారు కదండీ.”

“ఆ అమ్మెవరో మా ఊరిది కాదులెండి,” అంది నాయనమ్మ.

బయటికొచ్చాక నా పక్కన బెంచీ మీద కూర్చుని తన బాధ చెప్పుకుంది. వాళ్ళ పల్లెలో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో మంచినీళ్ళ కోసం బిందెతో పక్కూరు నడిచి వెళ్ళేవాళ్ళట. ఇప్పుడు ఆటోలో టిన్నులొస్తున్నాయి గానీ అలవాటు పోలేదు. గుమ్మంలోకి వచ్చిన మనిషి ఆ నీళ్ళు మోసుకొచ్చినవని తెలిసి అడగడానికి సిగ్గుపడతాడు. కాబట్టి అతను అడగక ముందే ఇంటివాళ్ళు చెంబు చేతికివ్వాలి. అడిగించుకుని ఇస్తే ఆ ఇంటి పరువు పోయినట్టే. “మా కొంపలో నీళ్ళు అడిగి తాగిన మనిషి పుట్టలేదమ్మా. ఇప్పుడు నా మనవరాలి చేతే మొదలుపెట్టమంటుంది మీ మేడం,” అంది. ఆవిడ బాధ నాకు అర్థమైంది. డబ్బా మూత తీసినదాన్ని కదా.

వారానికోసారి వచ్చేవాళ్ళు. లోపల పాప బాగానే చేసేది. బుడగలు ఊదితే చేతులు చాపేది, పెదాలు కలిపి శబ్దం చేసేది, కొన్నాళ్ళకి బంతి దొర్లిస్తే ‘బా’ అనేది. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి నోరు కుట్టేసినట్టుండేది. ఇంట్లో ఏం చేస్తున్నారని మేడం గారు అడిగితే, మీరు చెప్పినట్టే చేస్తన్నామండీ అనేది నాయనమ్మ.

ఏం చేస్తున్నారో ఒకసారి కోడలు నోరు జారితే బయటపడింది. అడక్కుండా పాప చేతికి నీళ్ళు ఇవ్వొద్దన్నారు కదా, నాయనమ్మ ఇవ్వడం మానేసింది. మానేసి, చిన్న గ్లాసుల్లో నీళ్ళు పోసి ఇంటి నిండా పెట్టింది. మంచం కింద ఒకటి, గడప పక్కన ఒకటి, టీవీ బల్ల మీద ఒకటి, కోళ్ళ గూడు మీద ఒకటి. పాప ఎటు తిరిగినా నీళ్ళే. పిల్లి తాగుతోంది, కోళ్ళు తాగుతున్నాయి, తాత కాలు తగిలి రోజూ ఏదో ఒకటి ఒలుకుతోంది. మేడం గారు అడిగితే నాయనమ్మ కాదనలేదు.

“ఇవ్వద్దన్నారు. పెట్టద్దనలేదుగా?”

అప్పుడు మేడం గారు కోప్పడకపోగా ఆలోచనలో పడ్డారు. గ్లాసులన్నీ తీసెయ్యమని, పాప నీళ్ళు అడిగేటప్పుడు ఫోనులో వీడియో తీసి పంపించమని చెప్పారు. ఆ ఇంట్లో ఫోను వాడటం వచ్చినది పాప మేనత్తకే. అవనిగడ్డలో ఇంటర్ చదువుతున్న పిల్ల. వారం తిరక్కుండానే వీడియో వచ్చింది. మేడం గారు పిన్నీ అంటూ నన్ను పిలిచి మరీ చూపించారు. పాప నీళ్ళ బిందె ముందు నిలబడి ఉంది. సన్నటి గొంతు “నీళ్ళు కావాలి” అంది. నాయనమ్మ గ్లాసు అందించింది. నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. మేడం గారు మాత్రం మళ్ళీ పెట్టారు. మళ్ళీ పెట్టారు. తరవాత ఫోను నా మొహం దగ్గరగా పెట్టారు.

“పిన్నీ, పాప నోరు చూడండి.”

నోరు మూసే ఉంది. పాప నోరు మూసుకునే నీళ్ళు అడిగింది. మాట మేనత్తది, తలుపు చాటు నుంచి. తలుపు పక్కన ఆ పిల్ల చున్నీ అంచు కూడా కనిపిస్తోంది.

తరవాత వారం వాళ్ళతో వచ్చిన మేనత్తని నిలదీస్తే సిగ్గుపడి నవ్వింది. పాప కింది పెదవి ముందుకి పెట్టింది, దాహమేసిందని తెలిసింది, పాపం అడగలేకపోతోందని తను అడిగిందట. మోసం చెయ్యాలని కాదు, పాప మనసులో మాటే కదా అంది. ఆ ఇంట్లో అందరికీ అదే న్యాయం.

ఇలా కాదు, ఒకసారి ఇంటికే వెళ్ళి చూడాలి అన్నారు మేడం గారు. ఒక ఆదివారం ఆవిడా నేనూ బస్సెక్కి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాం. ఆటో ఆగీ ఆగక ముందే కాళ్ళకి నీళ్ళు, తాగడానికి నీళ్ళు. కూర్చోబోతుంటే కొబ్బరి బోండాలు. బోండాం కింద పెట్టేలోగా సోడా. సోడా తాగుతుండగానే టీ. మేడం గారు ‘వద్దండీ’ అనే మాట ఎన్నోసార్లు మొదలుపెట్టారు, ఒక్కసారి కూడా పూర్తి కానివ్వలేదు. విసనకర్ర వంక ఊరికే చూశారు, అది చేతిలోకి వచ్చింది. చెప్పులు ఎండలో ఉన్నాయే అని చూశారు, మేనత్త తీసి నీడలో పెట్టింది. మేడం గారు నా చెవిలో చెప్పారు.

“పిన్నీ, ఇక్కడ నెల్లాళ్ళుంటే నాకూ మాట పడిపోతుంది.”

మధ్యాహ్నం అందరం చాపల మీద వరసగా కూర్చున్నాం. తాత, పాప నాన్న, కోడలు, మేనత్త, మేడం గారు, నేను, నా పక్కన పాప. పండుగప్ప చేప పులుసు, రొయ్యల వేపుడు, చారు. నాయనమ్మ అన్నం వడ్డించి పులుసు గరిట పట్టుకుంది. అప్పుడు మేడం గారు చెయ్యి అడ్డం పెట్టి, ఈ పూట ఒక ఆట ఆడదాం అన్నారు. ఎవరికి ఏం కావాలో వాళ్ళు నోరు తెరిచి అడగాలి. అడగందే ఎవరికీ ఏదీ వెయ్యకూడదు. పాప చూస్తుంది.

ఇంత తేలికైన ఆట ఇంత కష్టమవుతుందని ఎవరనుకుంటారు. తాత సముద్రం మీద తుఫాను గాలులు చూసిన మనిషి. పులుసు గిన్నె వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు, తల వంచుకుని ఉత్త అన్నం ముద్ద కట్టి మింగాడు. నాయనమ్మ చెయ్యి తనంతట తనే గరిట దగ్గరికి వెళ్ళింది. మేడం గారు తల అడ్డంగా ఊపారు. పాప నాన్న ఉత్త అన్నం తింటూ “బాగుంది” అన్నాడు. నా సంగతీ అంతే. పరాయి ఇంట్లో పులుసు వెయ్యమని ఎలా అడుగుతాం? నేనూ ఉత్త అన్నమే కెలుకుతున్నాను, ఆ వాసనకి ప్రాణం పోతోంది.

చివరికి మేనత్త తెగించింది. “అమ్మా, నాన్నకి పులుసు కావాలంట.”

అంతే, దారి దొరికింది. తాత కొడుక్కి రొయ్యలు వెయ్యమన్నాడు. కొడుకు చెల్లెలికి అన్నం తక్కువైందన్నాడు. కోడలు ఆయమ్మకి పులుసు అంది, నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరికీ ఏదీ తక్కువ కాలేదు, భోజనాలు జోరుగా సాగిపోయాయి. ఒక్కళ్ళు కూడా తమకోసం అడగలేదు. మేడం గారు కాసేపు నోట్లో ముద్ద పెట్టుకోవడం కూడా మర్చిపోయి చూశారు.

“ఒక్కరు కూడా ‘నాకు’ అనట్లేదండీ. పాప ఈ మాట మీ ఇంట్లో ఎప్పుడైనా విందా?”

అప్పుడావిడ కంచం కొంచెం ముందుకి జరిపి, పాప వైపు తిరిగి, గట్టిగా, విడివిడిగా అన్నారు. “నాకు. పులుసు. కావాలి.”

అందరూ ఉలిక్కిపడ్డారు. ఎవరో తిట్టినట్టు చూశారు. తాత కంచంలోంచి తలెత్తలేదు. చుట్టం నోరు తెరిచి అడిగిందనే బాధతో నాయనమ్మ గరిట మీద గరిట వేసింది, పులుసు కంచం అంచు దాకా వచ్చింది. పాప మాత్రం తినడం ఆపేసి మేడం గారి నోటి వంక చూసింది. చాలాసేపు చూసింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను.

తరవాత మేడం గారు నాయనమ్మతో విడిగా మాట్లాడారు. పాపకి ‘అడుగు అడుగు’ అని చెబుతున్నాం గానీ, అడగడమంటే ఎలా ఉంటుందో ఈ ఇంట్లో దానికి ఎవరూ చూపించలేదు. వినని మాట ఎలా వస్తుంది. అందరూ అడగాలి, అందరికంటే ముందు మీరు అడగాలి, పాప మీ వంకే చూస్తుంది కాబట్టి. అడగగానే కోడలు ఇవ్వకూడదు, పాప గమనించేలా కాస్త ఆగి ఇవ్వాలి. నాయనమ్మ వల్ల కాదంది. ఈ వయసులో కోడల్ని నీళ్ళు అడుక్కోమంటారా అంది. మేడం గారు బలవంతం చెయ్యలేదు.

ఆటో దాకా నాయనమ్మ మా సంచీ మోసుకుంటూ వచ్చింది. ఆ దారంతా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం నేను చూసింది ఆ నడకలోనే. సంచీ ఆటోలో పెట్టాక అడిగింది.

“నేనడిగితే అది అడుగుద్దా మేడం గారూ?”

“మాటివ్వలేనండీ. మీరడక్కపోతే మాత్రం అడగదు.”

తరవాతి సంగతి నాయనమ్మ నోటే విన్నాం. వేసవి ఎండలు ముదిరాక ఒక రోజు వచ్చి, లోపలికి కూడా వెళ్ళకుండా బెంచీ మీద కూర్చుని, మిగతా పిల్లల తల్లులందరి ముందూ చెప్పింది. మేడం గారు పని ఆపుకుని గుమ్మంలో నిలబడి విన్నారు.

ఆవిడ అడగడం మొదలుపెట్టింది. సిగ్గుతో చచ్చిపోతూనే మొదలుపెట్టింది. అయితే ఆవిడ గొంతు గుసగుసలకి పనికి రాదు. చేపల గంపతో ఊరి ఈ చివర కేకేస్తే ఆ చివర గిన్నె తీసుకుని బయటికి వచ్చేవాళ్ళు. పొద్దున్నే వాకిట్లో కూర్చుని, పాపని పక్కన పెట్టుకుని, “అమ్మాయ్, నాకు దాహమేస్తంది, నీళ్ళియ్యి” అనేది. మేడం గారు చెప్పినట్టు కోడలు కాస్త ఆగేది. “నీళ్ళియ్యవే అమ్మాయ్” అని మళ్ళీ అనేది. మధ్యాహ్నం అన్నం దగ్గర అంతే. సాయంత్రం టీ దగ్గర అంతే. తాత కూడా నేర్చుకున్నాడు, “నాకు చారు కావాలి” అని గోడ వంక చూసి అడిగేవాడు.

వీధి వీధంతా వింది. నీళ్ళు అడిగి తాగిన మనిషి పుట్టని ఇంట్లో అత్త గుక్కెడు నీళ్ళ కోసం కోడల్ని బతిమాలుకుంటోంది, మావగారు చారు అడుక్కుంటున్నాడు. ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మాట కోడలి పుట్టింటిదాకా వెళ్ళింది. బస్సులో ఎవరో కోడలి మొహం మీదే మూతి తిప్పారు. ఒక రోజు మిట్టమధ్యాహ్నం ఊరి పెద్దలు నలుగురు కలిసి పంచాయితీకి వచ్చారు.

వాళ్ళు వచ్చి మంచం మీద, అరుగు మీద కూర్చున్నారు. నాయనమ్మ చెంబు తీసుకోవడానికి లేచింది. కోడలు వాకిట్లో ఉన్న పాపని చూపించి, అత్త చీర కొంగు పట్టుకుని ఆపింది. “ఉండండత్తయ్యా, అడగనివ్వండి.” పెద్దలు అది విన్నారు. అత్తని కదలనివ్వని కోడలు. వచ్చినవాళ్ళకి నీళ్ళు కూడా ఇవ్వని ఇల్లు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు, అనుకున్నదంతా నిజమేనని తేలిపోయింది. వాళ్ళలో పెద్దాయనకి ఎండలో నడిచి వచ్చి గొంతెండిపోయింది. బిందె వంక చూస్తాడు, దగ్గుతాడు. అడగడు. ఆయనా ఆ ఊరి మనిషే కదా.

“నాకైతే ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టుంది మేడం గారూ. లేస్తే మీ మాట పోద్ది, లేవకపోతే మా పరువు పోద్ది. చేతులు కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నా,” అంది నాయనమ్మ.

పాప అప్పటిదాకా ఎండలో కోడిపిల్లల వెంట తిరిగి లోపలికొచ్చింది. మొహం ఎర్రగా ఉంది. బిందె దగ్గర నిలబడి నాయనమ్మ వంక చూసింది. నాయనమ్మ కదల్లేదు. తల్లి వంక చూసింది. తల్లి కదల్లేదు. కింది పెదవి ముందుకి పెట్టింది. పెద్దలందరూ ఆ ఇల్లు ఎంత పాడైపోయిందో చూస్తున్నారు.

“నాకు,” అంది పాప. అని ఆగింది. “నీ.”

ఎవరూ లేవలేదు. నమ్మలేదంతే. మేనత్త అందేమో అని తల్లి ముందు మేనత్త వంక చూసిందట. మేనత్త రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుని ఉంది. పాపకి విసుగొచ్చింది. ఈసారి నాయనమ్మ గొంతుతోనే, వీధి చివరికి వినిపించేలా అంది.

“నాకు నీ!”

ముగ్గురు ఆడవాళ్ళు ఒక్కసారే బిందె మీద పడ్డారు. చెంబు జారింది, గ్లాసు దొర్లింది, సగం నీళ్ళు పెద్దల కాళ్ళ మీదికి పారాయి. పాప నీళ్ళు తాగుతుంటే నాయనమ్మ కూలబడి ఏడ్చింది, కోడలు అత్త మెడ పట్టుకుని ఏడ్చింది. పంచాయితీకి వచ్చినవాళ్ళకి ఎవరు ఎవరి మీద ఫిర్యాదో అర్థం కాలేదు. తాత లేచి సంగతంతా మొదట్నుంచీ చెప్పాడు. అంతా విని పెద్దాయన కండువాతో మెడ తుడుచుకున్నాడు.

“అయితే మాక్కూడా అడిగితేనే ఇస్తారా అమ్మా?”

“అడిగేశారుగా,” అని నాయనమ్మ చెంబు నింపింది.

అంతా చెప్పి నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. బెంచీ మీద తల్లులు నవ్వుతున్నారు, ఒకావిడ ఏడుస్తోంది. మేడం గారు లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక మాత్రం, ఇంట్లో అడగడం వేరు, కొత్త చోట అడగడం వేరు, ఇంకా చెయ్యాలి అన్నారు. నిజమే. మాకు తెలిసిన పిల్లలు కొందరు మా గదిలో చక్కగా చెప్పి, మెట్లు దిగగానే మానేసేవారు. స్కూలు తెరిచేదాకా పాప చేత కింద మందుల షాపులో, పక్కన జిరాక్స్ షాపులో, బస్టాండులో కూడా నీళ్ళు అడిగించారు. ఒక చోట అడిగేది, ఇంకో చోట నా కాళ్ళ వెనక దాక్కునేది. జూన్ నెల వచ్చేసరికి ఎవరికీ నమ్మకంగా లేదు.

మొదటి రోజు పాపని లోపలికి పంపించి నాయనమ్మ స్కూలు గేటు పక్కన కూర్చుంది. చేపల గంపతోనే కూర్చుంది, దింపేసి అటునుంచి అటే అమ్మకానికి వెళ్దామనుకుంది గానీ కాళ్ళు కదల్లేదట. లోపల ఏ పిల్ల ఏడ్చినా తన మనవరాలే అనిపించేది. వాచ్‌మన్ లేచి వెళ్ళమన్నాడు. పిల్లకి మాట రాదయ్యా, దానికేదైనా కావాల్సొస్తే ఎవరు చూస్తారు అని అతన్ని కూడా కూర్చోబెట్టింది.

ఎండ నడినెత్తికొచ్చాక టీచరమ్మ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది.

“మీ పాప అడిగిందండీ,” అంది టీచరమ్మ. “ముందు తనకి అడిగి తాగింది. తరవాత కిటికీలోంచి మిమ్మల్ని చూపించి మీకు ఇమ్మంది. ఇచ్చేదాకా కూర్చోలేదు.”

నాయనమ్మ లేచి నిలబడి నీళ్ళు తాగింది. గ్లాసు ఇచ్చేస్తూ, నేనడగలేదండీ, నిజం, అని చెప్పిందట.

“తెలుసండీ. ఇంక మీరు వెళ్ళండి. ఆ చేపల వాసనకి క్లాసులో పిల్లలు ఆకలంటున్నారు.”

ఆవిడ గంప ఎత్తుకుని వెళ్ళింది. ఆ రోజు చేపలన్నీ మెత్తబడిపోయి ఒక్కటీ అమ్ముడుపోలేదని మా దగ్గర మొత్తుకుంది.